పాత ఇంజనుకు పల్చని ఆయిలు

కారు కొన్నది మా ఆయన. నడిపింది నేను.

ఆయన తాడిపత్రిలో బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నేను కంబదూరులో సర్కారు బడి టీచర్ని. శనివారం బస్సులు మారి మారి, తలమీద బండల దుమ్ముతోనే ఇంటికి చేరేవాడు. ఆదివారమంతా నిద్రపోయి, సోమవారం తెల్లారకముందే మళ్లీ బయల్దేరేవాడు. ఆ అవస్థ తప్పించుకుందామని, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అనంతపురంలో ఒక డాక్టరు వాడుకుని అమ్మేస్తున్న తెల్లటి చిన్నకారు తెచ్చినాడు. కొన్ని వారాలు నడిపినాడో లేదో, "సిమెంటు లారీలు ఎదురొస్తాంటే నా చేతులు వణుకుతాండాయి. నాకు బస్సే మేలు," అని తాళంచెవి గోడ మేకుకు తగిలించేసినాడు.

నాకేమో ఒకచోట కుదురుగా కూర్చోవడం పుట్టుకతోనే రాలేదు. బడిలో పాఠం చెప్తూ కూడా ఈ గోడనుంచి ఆ గోడకు తిరుగుతుంటాను. ఆ తాళంచెవి ఊరికే వేలాడుతుంటే నాకు అన్నం సయించేది కాదు. కళ్యాణదుర్గంలో కార్లు బాగుచేసే మెకానిక్కును బతిమాలి, సెలవు రోజుల్లో ఊరి చెరువులో బండి నేర్చుకున్నాను. చెరువులో అంటే చెరువులోనే. దాంట్లో నీళ్లు చూసి ఏళ్లయింది. ఒండ్రు పగుళ్లిచ్చి, అక్కడక్కడా తుమ్మచెట్లు మొలిచి, బండి తిప్పడానికి అంతకంటే మంచి మైదానం చుట్టుపక్కల లేదు.

మా ఎదురింటామె అక్కడే గొర్రెలు మేపేది. నా ఈడుదే. నోరు పెద్దది. నేను బండిని కుదుపుకుంటూ వస్తుంటే కర్ర అడ్డం పట్టుకుని, "టీచరమ్మా, నా గొర్రెల మీదికి రావాకు! కావాలంటే పొయ్యి ఆ తుమ్మచెట్టును గుద్దు!" అని అరిచేది. నేను మొదటిసారి ఎక్కడా ఆగకుండా చెరువంతా చుట్టి వచ్చిన రోజు మాత్రం, గొర్రెలను వాటి మానాన వదిలేసి వచ్చి పక్కసీట్లో కూర్చుంది. "ఇంగో సుట్టు తిప్పు," అంది.

ఆడమనిషి కారు నడుపుతోందని నవ్వినవాళ్లే కొన్నాళ్లకు వచ్చి మా తలుపు తట్టడం మొదలుపెట్టినారు. కాన్పు నొప్పులని ఒకరు, ఎండదెబ్బ తగిలి పడిపోయినాడని ఒకరు. ఫోను చేస్తే వచ్చే అంబులెన్సులు అప్పటికి మా వైపు రాలేదు. ఎవరైనా పిలిస్తే నాకు లోపల ఒక హుషారు పుట్టేది, అబద్ధం ఎందుకు. చీర కుచ్చిళ్లు దోపుకుని బయల్దేరేదాన్ని. ఊరు దాటగానే ఆ హుషారంతా పోయి, గుండెలో గుబులు పట్టుకునేది. ప్రాణం మీదున్న మనిషిని వెనకసీట్లో పెట్టుకుని పోతున్నప్పుడు ఈ బండి నడిమధ్యలో ఆగిపోతే నేనేం చేయాలి? దారిపొడుగునా చెట్టు నీడ కూడా సరిగా ఉండదు.

ఆ గుబులుతో ఇంజను చప్పుడు వినడం అలవాటైపోయింది. పొద్దున స్టార్టు చేయగానే పైన ఎక్కడో టకటకమని కొట్టుకునేది. కాసేపటికి సద్దుమణిగేది. ఎండాకాలం దూరం పోతే వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి పాకేది. నా కళ్లు దారిమీద సగం, ముల్లు మీద సగం.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా మరిది ఒకసారి ఊరికొచ్చినప్పుడు ఆ టకటక విన్నాడు. బానెట్టు ఎత్తి చూసి, "వదినా, ఇంగా మామూలు ఆయిలే పోస్తాండారా? సింథటిక్ పోయించండి. మా ఆఫీసులో అందరూ అదే వాడతారు," అన్నాడు.

"దాంట్లో ఏముండాదంట అంత గొప్ప?"

"మామూలు ఆయిలు ఎండకు పల్చబడిపోతాది, చలికి చిక్కబడతాది. ఇది రెండిటికీ తట్టుకుంటాది. స్టార్టు చేస్తానే ఇంజను పైకంటా ఎక్కుతాది. అందుకే ఆ చప్పుడు రాదు. ఎక్కువ దూరం మార్చకుండా నడపొచ్చు."

ఆ మాటలు చెప్పి అతను బెంగళూరు బస్సెక్కినాడు. నాకు మాత్రం ఆ రోజునుంచి నిలకడ లేదు.

మెకానిక్కును అడిగినాను. కళ్యాణదుర్గం బస్టాండు వెనక ఆయన షెడ్డు. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "మంచి ఆయిలే అక్కా. కొత్త బండికైతే నేనే పోయించుకోమంటా. నీది పాతది. ఇన్నాళ్లూ మామూలు ఆయిలు తాగి తాగి లోపల మడ్డి పేరుకొని ఉంటాది. రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటాయి. ఆ సందుల్లో మడ్డి అడ్డంపడే కారకుండా ఉండాదేమో. పల్చనిది పోస్తే ఆ మడ్డి కడుక్కపోయి యాడో ఒకచోట కారొచ్చు."

"కారొచ్చా? కారుతాదా?"

"అది విప్పి చూస్తే గానీ ఎవురు చెప్తారక్కా?"

మా ఆయన్ని అడిగితే ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. మా మేనమామ కొడుకే కాబట్టి ఆయన్ని నేను బావా అనే పిలుస్తాను. "ఏమి బావా, చెప్పవేమి?" అని కదిపితే, "నూనె అంటే నూనె. మా ఫ్యాక్టరీ మిషన్లు పగలూ రాత్రీ తిరుగుతాండాయి, వాటికేమన్నా బెంగళూరు నుంచి తెప్పిస్తాండామా? నాలుగింతల దుడ్లు పెట్టి కారుకు పోసేదానికి అదేమన్నా నెయ్యా?" అన్నాడు.

ముగ్గురివీ మూడు మాటలు. ముగ్గురూ చెప్పింది సబబుగానే ఉంది, అదే నన్ను తినేసింది. మరిదికి కొత్త కారుంది, కాబట్టి అతనికి ఆ ఆయిలు మంచిదే. మెకానిక్కు ఎక్కడా కారని బండిని కెలకడు. మా ఆయనకు కారు అంటే బస్సు దొరకనప్పుడు ఎక్కేది. ఈ ముగ్గురిలో ఎవరూ నాలాగా ఒక పిల్లతల్లిని వెనక పడుకోబెట్టుకుని కళ్యాణదుర్గం దారిలో ముల్లు చూస్తూ పోలేదు.

పాఠం చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఎక్కువ దూరం మార్చకుండా నడపొచ్చంటాడు, సరే. మా గాలిలో ఉండే దుమ్ము ఊరుకుంటుందా? ఆయిలు ఎంత ఖరీదైనదైనా దుమ్ము చేరితే మట్టే కదా, మార్చాల్సిందే కదా? అట్లాంటప్పుడు దానికి అంత పెట్టడమెందుకు? అనుకుని వద్దని తీర్మానించుకునేదాన్ని. మరుసటి పొద్దున టకటక వినగానే ఆ తీర్మానం ఎగిరిపోయేది. ఆయిలు కొలిచే కమ్మీని బయటికి లాగి, కొసన వేలాడే చుక్కను పాత పరీక్ష కాగితాల మీద పడేసి, ఎంత నల్లగా ఉంది, ఎట్లా పాకుతోంది అని చూసేదాన్ని. చూస్తే తెలిసిందేమీ లేదు. చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

వేసవి సెలవుల్లో బెంగళూరు పోయినప్పుడు మరిదిని అడక్కుండానే ఒక అంగడికి పోయి సింథటిక్ డబ్బా కొనేసినాను. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చినాను. ఆ డబ్బా చూసి మెకానిక్కు వాదించలేదు. "నీ బండి, నీ ఇష్టం అక్కా. కమ్మీ మాత్రం వారం వారం చూస్తాండు," అని పాత ఆయిలు దించి కొత్తది పోసినాడు. తేనె రంగులో, సన్నటి ధారగా దిగింది.

మరుసటి పొద్దున స్టార్టు చేస్తే టకటక లేదు. బండి ఆపి తాళం మళ్లీ తిప్పినాను. లేదు. ఆ వారం మా ఆయన రాగానే చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కుపోయి వినిపించినాను. ఆయన చెవి ఆనించి విని, "అవునే," అన్నాడు. అంతకుమించి ఒక్కమాట ఒప్పుకోలేదు.

ఆ ఏడు వాన సమయానికి పడకపోయినా, పూర్తిగా ఎగ్గొట్టలేదు. శెనక్కాయ పెరికే రోజులొచ్చినాయి. ఎదురింటామె గొర్రెలను మొగునికి అప్పజెప్పి కూలికి పోతోంది. ఒక ఆదివారం పొద్దున నేను కారు తుడుస్తుంటే, ఆమె మొగుడు సైకిలు మీద ఆమెను కూర్చోబెట్టుకుని తోసుకుంటూ పరుగున వచ్చినాడు. పెరికి కుప్పేసిన శెనక్కాయ కట్టెను ఎత్తబోతే కింద రక్తపింజరి ఉందట. చీలమండ మీద కాటు. కాలు అప్పటికే ఉబ్బుతోంది.

"మంత్రమేయించేదానికి పోదామంటాడమ్మా ఈయప్ప," మొగుణ్ణి చూపిస్తూ అంది ఆమె నాతో, నొప్పితో పళ్లు బిగబట్టి. "నేను టీచరమ్మ కారుకే పోదామంటి."

కళ్యాణదుర్గం ఆసుపత్రిలో డాక్టరమ్మ కాలు చూసి, ఒక ఇంజెక్షను వేసి, చిన్న గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి పక్కన పెట్టి చూసింది. రక్తం గడ్డకట్టలేదు. "ఇది అనంతపురం కేసు. పెద్దాసుపత్రికి తీసుకుపొండి. దారిలో ఎక్కడా ఆలస్యం చేయొద్దండి," అంది.

ఆ దారిలో నేను అంత వేగంగా ఎప్పుడూ పోలేదు. గుంతలు చూసుకోలేదు. వెనకసీట్లో మొగుని ఒళ్లో తల పెట్టుకుని ఆమె పడుకుంది. చిగుళ్లనుంచి రక్తం వస్తోందని అతను తుండుతో తుడుస్తున్నాడు. నిద్రపోనీయొద్దని నేను చెప్పినందుకు అతను ఏదో ఒకటి మాట్లాడిస్తున్నాడు. ఏ గొర్రె ఈనింది, ఏది కుంటుతోంది అని. ఆమె కళ్లు మూసుకునే జవాబు చెబుతోంది.

అనంతపురం ఇంకా చాలా దూరముందనగా, ఆమె కళ్లు తెరిచి సీట్ల సందులోంచి ముందుకు చూసింది. "టీచరమ్మా, ఆ ఎర్రగా వెలిగేదేంది?"

చూసినాను. స్టీరింగు ముందర, ముక్కుచెంబు బొమ్మ. దాని ముక్కునుంచి ఒక చుక్క. బండి స్టార్టు చేసేటప్పుడు వెలిగి ఆరిపోయే ఆయిలు దీపం అది. నడుస్తుండగా వెలగకూడనిది.

"ఏమీ లేదు. బండి దీపం."

"ఇంతకుముందు వెలగలేదే," అంది.

ఆ దీపం వెలిగితే వెంటనే ఇంజను ఆపమని కారు పుస్తకంలో రాసుంది. ఆపకపోతే కాసేపట్లో ఇంజను పట్టేసి ఇక కదలదు. ఆపితే క్షణం క్షణం వెనక మనిషి ప్రాణం జారిపోతుంది. రెండూ తెలుసు. తెలిసినా కాలు యాక్సిలరేటరు మీదనుంచి లేవడానికి ఒప్పుకోలేదు. ఒక మలుపు అట్లాగే పోయినాను. తర్వాత పక్కకు తీసి ఆపినాను.

"ఏమమ్మా, ఎందుకు నిలిపితివి? నిలపాకు, పోనీ! పోనీ!" అతను వెనకనుంచి నా సీటును గుద్దుతున్నాడు.

దిగి బానెట్టు ఎత్తినాను. కమ్మీ లాగితే కొసకు కూడా ఆయిలు అంటలేదు. మొన్న చూసినప్పుడు నిండుగా ఉంది. వంగి చూస్తే ఇంజను కిందినుంచి మడ్డి కలిసి నల్లబడిన పల్చటి చుక్కలు, ఒకదాని వెనక ఒకటి, దుమ్ములో పడి ఉండలు కడుతున్నాయి. డబ్బాలో మిగిలిన ఆయిలు ఇంట్లో అటక మీద ఉంది. రోడ్డు మీద బస్సు లేదు, జీపు లేదు. గాలి మాత్రం ఉంది. మా వైపు గాలికి ఎప్పుడూ కరువు లేదు.

అప్పుడు శెనక్కాయ ఒలిచే మిషన్ను వెనక తగిలించుకుని ఒక ట్రాక్టరు నింపాదిగా వచ్చింది. రోడ్డు నడుమ నిలబడి చేతులు అడ్డం పెట్టినాను. నడిపేవాడు తలకు తుండు చుట్టుకున్న నడివయసు రైతు.

"ఆయిలుండాదా అన్నా? ఇంజన్ ఆయిలు?"

"ట్రాక్టరుదైతే ఉండాది. కారుకు పనికొస్తాదో రాదో నాకు తెలీదమ్మా."

"పాము కరిసిన మనిషి ఉంది లోపల. పోయండి."

ఆయన వెంటనే దిగినాడు. సీటు కిందనుంచి డబ్బా తీసినాడు. నీళ్ల సీసా అడుగు కోసి గరాటు చేసినాడు. నల్లగా, చిక్కగా, బద్ధకంగా దిగింది ఆ ఆయిలు. నెలల తరబడి నేను ఏ ఆయిలని తలబద్దలు కొట్టుకున్నానో, ఆ ఇంజనులో ఇప్పుడు ఏది పోస్తే అదే అయింది. డబ్బా కూడా నా చేతికే ఇచ్చి, "పొండమ్మా, పొండి," అన్నాడు. ఆయన ఏ ఊరాయనో అడగడానికి కూడా నాకు తోచలేదు.

దీపం ఆరింది. అనంతపురం మొదట్లో మళ్లీ మినుకుమినుకుమంది. ఆపి, మిగిలింది ఒంపి, మళ్లీ కదిలించినాను. పెద్దాసుపత్రి గేటులో కారు నిలపగానే స్ట్రెచరు వచ్చింది. ఆమెను దించుతుంటే నా వైపు చూసి ఏదో అనబోయింది. నోట్లో రక్తం వల్ల మాట రాలేదు.

లోపల వరసగా విరుగుడు మందు ఎక్కించినారు. నేను వరండాలో ఈ కొసనుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాను. ఒక నర్సు ఆపి, "అమ్మా, ముందు ఆ చేతులు కడుక్కో," అంది. చూసుకుంటే మోచేతుల దాకా నలుపు. చీర మీద నలుపూ ఎరుపూ కలిసిపోయినాయి. సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, టైముకు తెచ్చినారు, గండం గడిచినట్టే అని చెప్పినాక గానీ నేను కూర్చోలేదు.

ఆదివారమైనా ఆ వారం ఫ్యాక్టరీలో పని ఉండి మా ఆయన తాడిపత్రిలోనే ఆగిపోయినాడు. ఎస్టీడీ బూతునుంచి నేను చేసిన ఫోను అంది, బస్సు దిగి నేరుగా వచ్చినాడు. ఆమె ఎట్లుందో ముందు అడిగినాడు. తర్వాత కారు దగ్గరికి పోయి, ఉతికిన చొక్కాతోనే నేలమీద పడుకుని కిందికి తల దూర్చినాడు. లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఆయిలు సంగతి ఈ పొద్దు నేను ఎత్తను," అన్నాడు.

"ఎత్తు బావా. రేపు ఎత్తేది ఇప్పుడే ఎత్తు."

"నీకు ఏమన్నా అయ్యుంటే?" అన్నాడు. ఆయన గొంతు అట్లా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

కారును లారీకి కట్టి కళ్యాణదుర్గం చేర్చినారు. మెకానిక్కు విప్పి చూస్తే, ఇంజను ముందరి సీలు చిట్లిపోయి ఉంది. లోపల మడ్డి చాలావరకు కడుక్కుపోయి శుభ్రంగా ఉంది. అరిగి ఉంటుందనుకున్న చోట కూడా అరగలేదు. ఇంజను దెబ్బతినలేదు.

"నేను చెప్పలేదా అక్కా, కారొచ్చని?" అన్నాడు మెకానిక్కు. "కానీ ఒకటి. ఆ దీపం వెలిగినాక కూడా ఇంజను ఇంత బాగుండాదంటే, ఆ మంచి ఆయిలు పొర ఏదో అంటిపెట్టుకొనే ఉంటాది."

మరిది ఫోనులో, "సీలు ముసలిదైపోయింది వదినా, ఏ ఆయిలు పోసినా ఆ రోజు కాకుంటే ఇంకో రోజు పోయేదే. ఇంజన్ను కాపాడింది సింథటిక్కే," అన్నాడు. మా ఆయన, "కాపాడింది ట్రాక్టరు ఆయిలు," అన్నాడు. ఎవరికి వాళ్లు గెలిచినారు. నాకు మాత్రం తేలలేదు. పాత ఆయిలే ఉండి ఉంటే సీలు ఇంకో వేసవి దాకా ఆగేదేమో. లేదా అదే రోజు, అదే మలుపులో, చిక్కటి ఆయిలుతోనే చిట్లేదేమో. ఎవరు చెప్తారు?

చివరికి నేను చేసింది ఇది. సీళ్లు కొత్తవి వేయించినాను. మామూలు ఆయిలే, మంచి రకం పోయించి, పుస్తకంలో రాసిన దానికంటే ముందుగానే మార్పిస్తూ పోయినాను. మా దుమ్ముకు అదే సరి. గాలి వడపోసే ఫిల్టరును నేనే విప్పి దులిపేదాన్ని. టకటక మళ్లీ వచ్చింది. వస్తే వచ్చిందిలే అనుకున్నాను. కొత్త బండి కొన్నవాళ్లెవరైనా అడిగితే మాత్రం, "సింథటిక్ పోయించుకోండి, మొదటినుంచీ అదే పోయించుకోండి," అని చెప్పేదాన్ని.

ఎదురింటామె చాలా వారాలు కాలు ఈడుస్తూ నడిచింది. సరిగా నడవగలిగినాక ఒక సాయంత్రం మా అరుగు మీదికొచ్చి కూర్చుంది.

"పాము కరిసినప్పుడు కూడా నాకు అంత భయం కాలేదు టీచరమ్మా. నువ్వు దిగి ఆ మూత ఎత్తినావు చూడు, అప్పుడు అయింది. అయిపోయింది నా కథ అనుకుంటి."

"నేనూ అదే అనుకున్నా."

"మా యప్ప ఇంగా నిన్ను తిట్టుకుంటాండాడు, ఎందుకు నిలిపిందని. నేనంటి, నిలపకుంటే ఆడనే ఉందుము కదా, పిచ్చోడా అని." నా వైపు తిరిగి, "నిజమే కదా?" అంది.

నిజమే అన్నాను. అంతకంటే గట్టిగా చెప్పలేకపోయినాను.

కొన్నేళ్లకు అంబులెన్సులు వచ్చినాయి. సైరను మోగించుకుంటూ వస్తాయి, లోపల మందులు, ఆక్సిజను అన్నీ ఉంటాయి. మంచి పని. జనం మా తలుపు తట్టడం ఆగిపోయింది. నా గుబులు పోవాలి కదా? పోయింది. కానీ దాని చోట ఏదీ రాలేదు. బడినుంచి వచ్చి కారు చుట్టూ ఊరికే తిరిగేదాన్ని. సైరను వినిపిస్తే గుమ్మందాకా పోయి నిలబడి, ఎవరికో ఏమైందో అని చూసి, లోపలికొచ్చి, మళ్లీ గుమ్మంలోకి పోయేదాన్ని.

అది చూసి చూసి ఒక ఆదివారం మా ఆయనే తాళంచెవి నా చేతిలో పెట్టినాడు. "పద, యాడికైనా పోదాం. నువ్వు ఇట్ల తిరిగితే ఇంటి బండలు అరిగిపోతాయి."

పెనుకొండ దాటి సోమందేపల్లె దగ్గర పెద్దరోడ్డు ఎక్కినాము. కొత్తగా వెడల్పు చేసిన రోడ్డు. నల్లగా, గుంత అన్నది లేకుండా, కొండల మధ్య చాపలాగా పరచి ఉంది. కాలు నొక్కినాను. ఇంజను మొదట మూలిగి, తర్వాత గొంతు సవరించుకుని పరుగందుకుంది. సిమెంటు లారీలు వెనకపడిపోతున్నాయి. పక్కన మా ఆయన రెండు చేతులతో సీటు గట్టిగా పట్టుకున్నాడు.

"యాడికి పోతాండాం?" అన్నాడు.

"తెలీదు బావా."

వెనక్కి తిరగాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది. ఇంకొకటి వచ్చింది. ఆయన దానివైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసినాడు. తన పక్క అద్దం కిందికి దించుకున్నాడు. గాలి హోరున లోపలికొచ్చింది.